పాత ట్రాక్టరుకు కరెంటు నీటిపంపు: ఇంజను చల్లబడునా?

దమ్ముల దినములలో మాకు తఱచుగా వచ్చు ప్రశ్న యొకటి కలదు. "మా ట్రాక్టరు పాతది. రెండు గంటలు దమ్ము చేయగానే వేడి చూపు ముల్లు ఎఱ్ఱగీత దాటుచున్నది. ఇంజనుతో తిరుగు నీటిపంపును తీసివైచి, బ్యాటరీతో నడచు కరెంటు పంపును బిగించినచో వేడి తగ్గునని మేస్త్రీ చెప్పుచున్నాడు. బిగింపవచ్చునా?" అని రైతు సోదరు లడుగుచున్నారు. ఇతర దేశములలో పాత మోటారు ఇండ్లలో, అనగా పడకయు వంటగదియు గల పెద్ద బండ్లలో, ప్రయాణము చేయువారికిని ఈ సందేహమే కలదు.

జవాబును ముందు చెప్పి, కారణములను పిమ్మట వివరింతుము. పాత పంపు చెడియున్నచో క్రొత్త పంపు, అది యే రకమైనను, మేలు చేయును. పాత పంపు సరిగా నడచుచున్నచో, కరెంటు పంపువలన బరువు పనిలో ఇంజను చల్లబడుట మిక్కిలి స్వల్పము.

వేడి పోవు త్రోవ

డీజిలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే పనిగా మారును. కొంత పొగగొట్టమునుండి పోవును. మిగిలినదానిలో పెద్ద భాగమును ఇంజను చుట్టునున్న నీరు తీసికొని రేడియేటరునకు చేర్చును. అచ్చట ఫ్యాను లాగు గాలి ఆ వేడిని తీసికొనిపోవును. కనుక నీరు మోయునది మాత్రమే. వేడిని బయట పారవేయునది రేడియేటరును, గాలియును.

కళ్లములోని ధాన్యమును సంఘపు గోదామునకు చేర్చు బండ్లను తలచుకొనుడు. గోదామువద్ద కాటా యొక్కటే యుండి, అదియు మెల్లగా తూచుచుండగా, బండ్లను రెట్టింపు చేసినందున ధాన్యము త్వరగా లోపలికి పోదు. బండ్లు వాకిట నిలిచియుండును. పంపు బండివంటిది, రేడియేటరు కాటావంటిది.

నీటిని నడుపుటకు పంపే లేని ఇంజనులును ఉండెడివి. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ కారులో, మొదటి సుమారు 2,500 బండ్ల తరువాత, నీటిపంపును మానివేసిరి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరునందును పంపు లేకుండెను. వేడెక్కిన నీరు తేలికయై పైకి పోవుటయు, చల్లబడిన నీరు బరువై క్రిందికి దిగుటయు ఆ యంత్రములకు చాలెను. తరువాత ఇంజనుల బలము హెచ్చుటచే పంపు అవసరమయ్యెను.

చిన్న లెక్క

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు వలయు వేడిని ఒక కిలోకేలరీ యందురు. బరువు పనిలో నున్న 35 గుఱ్ఱముల బలముగల ఇంజను నీటికి నిమిషమునకు 360 కిలోకేలరీల నిచ్చుచున్నదనుకొందము. పంపు నిమిషమునకు 60 లీటర్లు నడిపినచో, రేడియేటరు పైభాగమున 90 డిగ్రీలుగా దిగిన నీరు, 6 డిగ్రీలు తగ్గి 84 డిగ్రీలతో అడుగునకు చేరును. సగటు 87. బయటిగాలి 40 డిగ్రీలైనచో, నీటికిని గాలికిని భేదము 47 డిగ్రీలు.

ఇప్పుడు పంపును రెట్టించి 120 లీటర్లు నడిపింతము. నీరు 90 నుండి 87కు మాత్రమే దిగును. సగటు 88½. భేదము 48½. వేడిని గాలిలోనికి నెట్టునది ఈ భేదమే. పంపు రెట్టింపైనను భేదము పెరిగినది ఒకటిన్నర డిగ్రీ, అనగా నూటికి మూడు పాళ్లు. నీటి వడివలన గొట్టముల లోపల మఱికొంత లాభము కలుగును గాని, అదియు కొంచెమే. రేడియేటరు రెక్కలలో సగము ఊకతో మూసికొనిపోయినచో కలుగు నష్టమును ఈ లాభ మెన్నడును పూడ్చలేదు.

నెమ్మదిగా నడచు బండి

దమ్ములో ట్రాక్టరు మెల్లగా పోవును గనుక పంపును మెల్లగా తిరుగునని కొందఱు తలంతురు. అది పొరపాటు. పంపు చక్రముల వేగముతో గాక, ఇంజను వేగముతో తిరుగును. దమ్ములో ఇంజను జోరుగానే తిరుగుచుండును. కొండ యెక్కు మోటారు ఇంటి సంగతియు నిట్టిదే. చిన్న గేరులో ఇంజనును, పంపును వేగముగానే తిరుగును; కొఱతపడునది ఎదురుగాలి. కావున అచ్చటను రేడియేటరు శుభ్రత, ఫ్యాను బలము, గాలి ప్రక్కలకు తప్పించుకొని పోకుండ కట్టిన రేకు, ఇవియే ముఖ్యములు.

కరెంటు పంపువలని మేలును కీడును

కరెంటు పంపు నిరర్థకమని మా తాత్పర్యము కాదు. ఇంజనును ఆపిన పిమ్మట ఇనుములోని వేడి నీటిలోనికి దిగి నీరు మరగుట కలదు. అప్పుడు కరెంటు పంపు రెండు మూడు నిమిషములు నడచి ఆ వేడిని తీసికొనిపోగలదు. ఇంజను నిదానముగా తిరుగుచు బండి చాలసేపు నిలిచియున్నప్పుడును అది యుపకరించును. పాత పంపునకు విడిభాగములు దొరకనిచో అదియే గతి.

కాని మూడు సంగతులు మఱువరాదు. మొదటిది: పెక్కు పాత ట్రాక్టర్లలో ఫ్యాను నీటిపంపు ఇరుసుమీదనే యుండును. పంపును తీసినచో ఫ్యానును ఎట్లు నిలుపుదురో ముందుగా చూచుకొనవలయును. రెండవది: పాత డైనమో పంపుకును దీపములకును చాలినంత విద్యుత్తు నీయలేకపోవచ్చును. మూడవది: బురదలో తీగ యూడినచో పంపు చప్పుడు లేక ఆగిపోవును. బెల్టు తెగినప్పుడు కనబడును. తీగ తెగినప్పుడు కనబడదు.

మేము చూచిన యొక ట్రాక్టరు

డెల్టాలోని యొక గ్రామమున ఇరువదేండ్లు దాటిన ట్రాక్టరు గల సభ్యుడొకడు మమ్ము ఈ ప్రశ్నయే యడిగెను. మేము ముందుజల్లెడ చూచి, శుభ్రముగా నున్నదని తలయూచితిమి. అతడు అప్పుచేసి కరెంటు పంపు బిగించెను. దమ్ము మూడవనాడు హెడ్డు గాస్కెట్టు కాలి బండి పొలములో నిలిచిపోయెను. విప్పి చూడగా జల్లెడవెనుక రేడియేటరు రెక్కల నడుమ గత నూర్పిడిలోని ఊక, నూనెతో కలిసిన దుమ్ము దట్టముగా పేరుకొనియుండెను. బాగుచేయించి దమ్ము ముగించునప్పటికి నారు ముదిరిపోయెను. జల్లెడ విప్పి చూడకపోవుట మా తప్పు. అది మొదలు చేయిపెట్టి చూడక యెవరికిని సలహా చెప్పుట మానితిమి.

చూడవలసిన వరుస

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే రేడియేటరు మూత తీయవలయును. వేడిమీద తీసినచో మరగు నీరు ముఖముమీదికి చిమ్మును. మరిగిన ఇంజనులో చన్నీరు గ్రుమ్మరించినచో హెడ్డు పగులవచ్చును.

1. జల్లెడ తీసి, ఇంజను వైపునుండి ముందుకు, తక్కువ జోరుతో నీరు కొట్టి రెక్కలను కడుగుడు. జోరు హెచ్చైనచో రెక్కలు వంగిపోవును.
2. ఫ్యాను బెల్టు బిగువు, ఫ్యాను రెక్కలు, చుట్టు రేకు చూడుడు.
3. మూత రబ్బరు చూడుడు. 7 పౌన్ల మూత సరిగా పట్టినచో నీరు సుమారు 111 డిగ్రీల వఱకు మరగదు. వదులైనచో 100 వద్దనే మరగును.
4. థర్మోస్టాటును తీసి వేడినీటిలో వేసి, దానిపై చెక్కిన డిగ్రీలవద్ద తెరచుకొనునో లేదో చూడుడు. తెరచుకొననిచో క్రొత్తది వేయుడు, ఊరక తీసివేయరాదు.
5. అడుగు గొట్టము ఇంజను జోరులో లోపలికి నొక్కుకొనిపోవుచున్నచో మార్పుడు.
6. చల్లని ఇంజనుకు మూత తీసి నడిపినప్పుడు నీటిలో బుడగలు ఆగక వచ్చుచున్నచో, గాస్కెట్టును అనుమానింపుడు.
7. ఇవన్నియు సరియైన పిమ్మట పంపు వంతు. ఇరుసు ఊగుచున్నను, నీరు కారుచున్నను, లోపలి రెక్కలు తుప్పుచే అరిగియున్నను పంపు మార్పవలసినదే.

ఈ పరీక్షలను జ్యేష్ఠమాసములోనే, ఏరువాకకు ముందుగా, ముగించుకొనవలయును. బండి పొలములో ఆగిన పిమ్మట చేయుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటయే. మూత పట్టును చూచు చేతిపంపును, దూరమునుండి వేడిని చూపు థర్మామీటరును ఒక్కొక్క రైతు కొననక్కఱలేదు. సంఘము ఒకటి కొని యుంచినచో గ్రామములోని బండ్లన్నింటికిని చాలును. కరెంటు పంపు కొనదలచిన సభ్యులు ముందుగా రేడియేటరు జల్లెడ విప్పి చూతురుగాక. పెక్కుచోట్ల మందు అంగడిలో లేదు, ఊక వెనుకనున్నది.