పెద్దల పొద్దుకు తగిన ప్రయాణం: కర్నూలు, కడప నగరదర్శనం గురించి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మేనమామ శుభాశీస్సులు.

సంక్రాంతి వెళ్లిన తరువాత కృష్ణా జిల్లా నుంచి తొలిసారిగా రాయలసీమకు వస్తున్న చిన్నతాత, చిన్నమ్మమ్మ గార్లకు కర్నూలు, కడప నగరాలు చూపించే బాధ్యత చిరంజీవి మీద పడింది గనుక, ఎనభైకి దగ్గరపడిన పెద్దలతో చేసే ప్రయాణానికి అవసరమైన విషయాలను క్రమంగా తెలపడం ఈ లేఖ ఉద్దేశం. వాటన్నిటికీ మూలసూత్రం ఒక్కటే. చూడదగిన స్థలాల పట్టిక ముందు వేసుకొని, ఆ పట్టికలోకి పెద్దలను ఇరికించే ప్రణాళిక వారిని అలసట పాలు చేస్తుంది. వారి శరీరం ఓర్చుకోగల పొద్దు ఎంత, వారి జ్ఞాపకానికి అందే చరిత్ర ఏది అన్న రెండు ప్రశ్నలతో మొదలైన ప్రణాళిక మాత్రమే వారికి సంతృప్తినిస్తుంది.

మొదటి ప్రశ్నకు సమాధానం సీమ వాతావరణంలో ఉంది. నైరుతి రుతుపవనాలు, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన తెచ్చే గాలులు, పడమటి కనుమలను దాటేటప్పటికే తేమను చాలావరకు కోల్పోతాయి గనుక ఈ ప్రాంతం వానకు ఎప్పుడూ ముఖం వాచే ఉంటుంది. మార్చి నడిమి నుంచే ఎండ ముదిరి, మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఏటా కనిపించేదే. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో పాటు బంగాళాఖాతపు తుఫానుల ప్రభావం కడప వైపు ఎక్కువగా ఉంటుంది. ఈ రెంటినీ తప్పించుకొని డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి నడిమి వరకు ఉండే రోజులే పెద్దలకు అనువైనవి గనుక సంక్రాంతి తరువాత రావాలన్న వారి నిర్ణయం సరైనదే. అయితే చలికాలంలో సైతం మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటుంది. అందువల్ల సీమలో పెద్దల పగటిని ఉదయం ఆరున్నర నుంచి పది వరకు ఒకటి, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ఒకటి అని రెండు చిన్న పూటలుగా భావించి, నడిమి వేళను భోజనానికి, నిద్రకు వదిలివేయాలి. చాలా ఆలయాలు మధ్యాహ్నం తలుపులు మూస్తాయి గనుక ఈ విభజన వల్ల పోయేది కూడా ఏమీ లేదు.

ఎండ కంటే ముందు పెద్దలను బాధించేది కాళ్ల కింది నేల. ఆలయ ప్రాంగణాల్లో చెప్పులు విడవక తప్పదు. ఈ ప్రాంతపు నాపరాయి, అంటే పలకలు పలకలుగా విడివడే సున్నపురాతి జాతి బండ, పొద్దెక్కే కొద్దీ కాలి, నీళ్లు పడితే జారుతుంది. మధుమేహం ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండవచ్చు గనుక బొబ్బ లేచినా వెంటనే తెలియదు. మందమైన మేజోళ్లు రెండు జతలు, చేతికర్ర, వీలైతే మడిచి కారులో పెట్టుకునే చక్రాల కుర్చీ వెంట ఉండాలి.

రెండో ప్రశ్న జ్ఞాపకానికి సంబంధించినది. కర్నూలు విషయంలో దానికి సమాధానం వచ్చే అతిథుల బాల్యంలోనే దొరుకుతుంది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. ఆ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చునని 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న ఒడంబడికను అనుసరించి కర్నూలు రాజధాని కాగా, మరుసటి సంవత్సరం హైకోర్టు గుంటూరులో మొదలైంది. తగినన్ని భవనాలు లేక గుడారాల్లో కచేరీలు నడిపిన ఆ రాజధాని, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి హైదరాబాదు రాజధాని అయ్యే వరకు, మూడేళ్లకు పైగా కొనసాగింది. ఎనభైకి దగ్గరపడినవారు ఆ రోజుల్లో పలక పట్టిన పిల్లలు. కర్నూలు పేరును రాజధానిగా బడిలో చదువుకొని ఉంటారు. ఈ నగరంలో వారికి వినిపించవలసిన మొదటి కథ అదే. దాన్ని చిరంజీవి చెప్పడం కంటే వారి చేత చెప్పించడం మేలు.

తొలి రోజు చూడవలసిన స్థలాల్లో మొదటిది నగరం నడిబొడ్డున ఉన్న కొండారెడ్డి బురుజు. కోటగోడ మీద కాపలాకు, ఫిరంగులు నిలపడానికి కట్టిన దృఢమైన నిర్మాణాన్ని బురుజు అంటారు. విజయనగర కాలపు కర్నూలు కోటలో ఇప్పుడు ప్రధానంగా మిగిలి ఉన్నది ఇదే. అలంపురం పాలకుడైన కొండారెడ్డిని 17వ శతాబ్దిలో ఇందులో బంధించినందువల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. మీది అంతస్తుకు మెట్లెక్కాలి గనుక పెద్దలను పైకి తీసుకువెళ్లే ఆలోచన మానుకొని, చుట్టూ వాహనాల రద్దీ పెరగక ముందే ఉదయం వేళ కింది నుంచి చూపించడం చాలు. హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్, అంటే కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ సమాధి మీది గుమ్మటాల కట్టడం, 17వ శతాబ్ది నాటి బిజాపూరు శైలికి నిదర్శనం. కర్నూలు నవాబుల్లో చివరివాడైన గులాం రసూల్ ఖాన్‌ను 1839లో ఈస్టిండియా కంపెనీ పదవి నుంచి తొలగించింది. సాయంత్రం తుంగభద్ర ఒడ్డున కాసేపు కూర్చోబెట్టి, హంద్రీ వచ్చి కలిసే దిక్కును, 2009 అక్టోబరు 2న ఆ రెండు నదులూ పొంగి నగరాన్ని ముంచిన తీరును వివరిస్తే, కృష్ణా వరదలను కళ్లారా చూసిన డెల్టావాసులకు ఆ మాటలు వెంటనే అందుతాయి.

రెండో రోజు ఉదయం అలంపురానికి కేటాయించాలి. తుంగభద్ర వంతెన దాటి హైదరాబాదు రహదారిలో వెళ్లి కుడివైపు మలుపు తిరిగితే చేరే ఈ క్షేత్రం ఇప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నా, కర్నూలు నుంచి గంటలోపు ప్రయాణమే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన తొమ్మిది ఆలయాలను నవబ్రహ్మ ఆలయాలంటారు; పేరులో బ్రహ్మ ఉన్నా వాటిలో కొలువైనది శివుడే. తొమ్మిదింటినీ చూపించాలన్న పట్టుదల అక్కరలేదు. పూజలందుకునే బాలబ్రహ్మేశ్వరుని, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటిగా ప్రసిద్ధికెక్కిన జోగులాంబను సేవించి, శిల్పసంపదకు ఒక్క స్వర్గబ్రహ్మ ఆలయాన్ని నిదానంగా చూస్తే పెద్దలకు సరిపోతుంది. శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి కాపాడడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలిపారు. ఓపిక మిగిలితే అది కూడా చూడవచ్చు. పదికల్లా తిరుగు ప్రయాణం కట్టాలి.

మూడో రోజు కర్నూలు నుంచి కడపకు సాగే రెండు వందల కిలోమీటర్ల దారి. దీన్ని కాలహరణంగా భావించరాదు. డోన్, గుత్తి, తాడిపత్రి మీదుగా తిరిగి వెళ్లే రైలు కంటే నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా వెళ్లే రహదారి దగ్గర. పైగా కోరిన చోట ఆగవచ్చు. నంద్యాల దాటిన తరువాత ఎడమ దిక్కున నల్లమల, కుడి దిక్కున ఎర్రమల కొండల నడుమ నల్లరేగడి మైదానం సాగుతుంది. దానికి నీరిచ్చేది సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి మొదలై కర్నూలు పట్టణం గుండా పారే కె.సి. కాలువ, అంటే కర్నూలు–కడప కాలువ. 19వ శతాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా నష్టాలపాలైన ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది. ఇంజనీరు కాటన్ ఆనకట్టల నీటితో పండిన నేలల నుంచి వచ్చినవారికి, కరువుసీమలో ఒక కాలువ విలువ ఎంతో ఈ దారిలోనే బోధపడుతుంది. ఆళ్లగడ్డ వద్ద దేవతావిగ్రహాలు చెక్కే శిల్పుల పనిశాలలు రోడ్డు పక్కనే ఉంటాయి గనుక దిగకుండానే చూడవచ్చు. పొద్దున్నే బయలుదేరితే నంద్యాలకు దగ్గరలోని మహానందిలో దర్శనం కూడా కుదురుతుంది. అక్కడి కోనేటి మెట్లు తడిగా ఉంటాయి గనుక స్నానం మాన్పించి నీళ్లు తలపై చల్లుకొమ్మనడం క్షేమం.

కడపలో నాలుగో రోజు ఉదయం దేవుని కడపతో మొదలుపెట్టి దర్గాతో ముగించాలి. దేవుని కడపలోని లక్ష్మీ వేంకటేశ్వరుణ్ణి తిరుమల యాత్రకు ముందు సేవించే ఆచారం పాతది. ఉగాది నాడు ముస్లిములు ఈ ఆలయానికి వచ్చి స్వామిని దర్శించుకోవడం కడపకే ప్రత్యేకమైన సంప్రదాయం. సూఫీ గురువుల సమాధులున్న అమీన్ పీర్ దర్గాకు, అంటే పెద్ద దర్గాకు, హిందువులు కూడా అంతే భక్తితో వెళతారు. ఈ రెంటినీ ఒకే పూట చూపిస్తే నగర స్వభావం వేరే వ్యాఖ్యానం లేకుండా తెలిసిపోతుంది. దర్గాలో తలకు గుడ్డ కప్పుకోవాలి. గురు, శుక్రవారాల్లో రద్దీ ఉంటుంది గనుక వేరే రోజు ఎంచుకోవాలి. రథసప్తమికి దేవుని కడపలో రథోత్సవం జరుగుతుంది. ప్రయాణపు తేదీలు దానికి దగ్గరపడితే ఆ ఒక్క రోజు తప్పించడం పెద్దల కాళ్లకు శ్రేయస్కరం.

సాయంత్రం పాతిక కిలోమీటర్లకు పైబడిన దూరంలో, రాజంపేట దారిలో ఉన్న ఒంటిమిట్ట కోదండరామాలయానికి వెళ్లాలి. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో మలచి ఉండడం, గర్భాలయంలో హనుమంతుడి విగ్రహం లేకపోవడం ఇక్కడి విశేషాలు. రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వ లాంఛనాలతో శ్రీరామనవమి ఉత్సవాలు జరిగే ఈ ఆలయ నిర్వహణను 2015లో తిరుమల తిరుపతి దేవస్థానాలు చేపట్టాయి. వాలు పొద్దులో గోపురం చూసి, మంటపంలో తీరికగా కూర్చొని రావాలే తప్ప, అదే పూట మరొక క్షేత్రాన్ని జోడించరాదు.

బయలుదేరే ఉదయానికి యెర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సరిపోతుంది. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను కుదుర్చుకొని, తాళపత్రాల్లో చెల్లాచెదురైన తెలుగు కావ్యాలను సేకరించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఈ గ్రంథాలయం వెలసింది. ఎక్కడం, దిగడం తక్కువగా, నీడపట్టున కూర్చొని చూడగల ఇటువంటి చోటు చదువుకున్న పెద్దలకు ఏ కొండ కంటే ఎక్కువ ఆనందమిస్తుంది.

వదులుకోవలసినవి కూడా ముందే నిర్ణయించుకోవాలి. బెలుం గుహల కనుగొన్న పొడవు 3,229 మీటర్లు. మెట్లు దిగి లోపల నడవాలి, గాలి తక్కువగా, ఉక్కగా ఉంటుంది గనుక గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు వెళ్లరాదు. గండికోటలో పెన్నా లోయ అంచుకు చేరాలంటే బండరాళ్ల మీద నడవక తప్పదు. ఎగువ అహోబిలం కొండదారి. ఇవి గొప్ప స్థలాలే. అయినా యువకులు వేరుగా చూడదగినవి.

భోజనం విషయంలో సీమ కారాన్ని గౌరవంగానే తగ్గించమని చెప్పాలి. పళ్లు బలహీనమైనవారికి జొన్నరొట్టె కంటే రాగి సంగటి, ఉగ్గాణి, అంటే నానబెట్టిన బొరుగులతో చేసే ఫలహారం, సులువు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది గనుక అడిగే దాకా ఆగకుండా గంటకోసారి నీళ్లు అందించాలి. అయితే గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వైద్యుడు చెప్పిన మోతాదే పాటించాలి. మందుల చీటీ నకలు చిరంజీవి జేబులో ఉండాలి. అత్యవసరమైతే 108కు ఫోను చేయాలి. కర్నూలులో సర్వజన వైద్యశాల, కడపలో రిమ్స్ పెద్ద ప్రభుత్వాసుపత్రులు. బస నేల అంతస్తులో, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి ఉన్నదై ఉండాలి. రైలులో వచ్చేట్లయితే టిక్కెట్టు కొనేటప్పుడే వయోవృద్ధుల కోటాలో కింది బెర్తులు అడగాలి.

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైనది. అతిథిగా వచ్చిన పెద్దలు కాళ్లు లాగుతున్నా “ఫర్వాలేదు నాయనా” అంటారు. తమ వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్న మర్యాద వారి నోరు కట్టివేస్తుంది. కనుక అలసిపోయారా అని అడగడం వృథా. ప్రతి పావుగంటకూ కుర్చీయో అరుగో చూసి, కాసేపు కూర్చుందామని తానే ముందు కూర్చోవడం సరైన పద్ధతి. ఏది చూడాలో వారి సమక్షంలోనే, వారి మాట విని నిర్ణయించాలి. ఒక పూట గదిలోనే ఉంటామంటే ఆ పూటను నష్టంగా లెక్కించరాదు. పూటకు రెండు స్థలాలకు మించకుండా, మధ్యాహ్నపు విశ్రాంతి చెడకుండా ఈ యాత్రను నడిపించమని చిరంజీవికి చేస్తున్న విన్నపం ఇది. స్థలాలు తక్కువైనా పెద్దలు ఆరోగ్యంగా ఇల్లు చేరితేనే ఆ యాత్ర సఫలమైనట్లు.

శుభం.

ఇట్లు,
మేనమామ