సుదీర్ఘ దాంపత్యములు ఏల విడిపోవుచున్నవి?
(గృహస్థధర్మ పాఠము)



సప్తపది పిదప వధూవరులకు అరుంధతీ దర్శనము చేయించుట మన వివాహ విధిలో ఒక భాగము. వసిష్ఠారుంధతులు సప్తర్షి మండలమునందలి జంట తారలు. బ్రిస్బేన్ నగరము భూమధ్యరేఖకు చాల దక్షిణమున నుండుటచే ఆ జంట ఇచట ఉత్తర దిగంతమునకు ఏడెనిమిది డిగ్రీల ఎత్తునకు మించి రాదు. మే నెల చివర, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున, సన్నీబ్యాంక్‌లో ఇండ్ల కప్పులును చెట్లును అడ్డము లేని చోట నిలిచి వెదకినవారికే అది కనబడును. దాంపత్యము విషయమును అట్టిదే. ముప్పది యేండ్లు కాపురము చేసినవారు విడిపోయిరని వినినప్పుడు "ఈ వయసులో ఇదేమి వింత" యని ఆశ్చర్యపడుదుము. వారు ఒకరినొకరు వెదకుట ఎన్నడు మానిరో ఎవరును అడుగరు.

1. పూర్వుల నాటి ఎడబాటు

1879 నుండి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులు గిర్మిట్ ఒప్పందముపై ఫిజీకి కొనిపోబడిరి. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా మన తెలుగువారును వచ్చిరి. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు అనునది ఆనాటి నియమము. భార్యాబిడ్డలను స్వదేశముననే విడిచి వచ్చినవారు అనేకులు. అగ్నిసాక్షిగా జరిగిన పెండ్లియైనను ప్రభుత్వమునొద్ద నమోదు కానిచో చట్టము దానిని గుర్తింపలేదు. కూలి లైనులలో కుటుంబ జీవనము చెడిన తీరును ఆండ్రూస్, పియర్సన్ గార్లు 1916 నాటి నివేదికలో లోకమునకు చాటిరి. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములును రద్దయ్యెను.

ఆనాడు దంపతులను విడదీసినవి ఓడయు, ఒప్పందమును, చట్టమును. అట్టి దుఃఖమునుండి తేరుకొని ఇల్లు నిలుపుకొనినవారి సంతతి యగుటచే మనకు కాపురము పరువుతో ముడిపడినది. ఆ పరువే నేడు కొన్ని ఇండ్లలో బాధను కప్పు తెర యగుచున్నది.

2. నేటి స్థితి

ఆస్ట్రేలియా కుటుంబ చట్టము 1975లో చేయబడి 1976 జనవరి 5న అమలులోనికి వచ్చెను. తప్పెవరిదని నిరూపింప నక్కరలేదు. పండ్రెండు నెలలు విడిగా నుండినచో చాలును. ఒకే కప్పు క్రింద నుండియు విడిగా జీవించినట్లు చూపవచ్చును. ఆ మొదటి సంవత్సరము 63,230 విడాకులు మంజూరయ్యెను. 2021లో ఆ సంఖ్య 56 వేలకు పైబడి యున్నది. నడుమ దేశ జనాభా ఎంతయో పెరిగినందున, మొత్తము మీద విడాకుల రేటు తగ్గినదనియే చెప్పవలెను. కాని పెద్ద వయసువారి సంగతి వేరు. అమెరికాలో ఏబది దాటినవారి విడాకుల రేటు 1990 నుండి 2010 నాటికి రెట్టింపైనదని సూసన్ బ్రౌన్, ఐఫెన్ లిన్ అను పరిశోధకులు చూపిరి. జపానులో 2007 ఏప్రిల్ నుండి విడిపోయిన భార్యకు భర్త పింఛనులో వాటా పొందు వీలు కలిగెను. ఇచట సూపర్ నిధిని పంచు వీలు 2002 డిసెంబరు నుండి కలదు. చట్టము తలుపు తెరచినది; అయితే తలుపు తెరచియున్న ఇండ్లన్నిటినుండియు జనులు లేచిపోవుట లేదు గదా!

3. కారణములు

(అ) పని ముగియుట. 1987, 2000 సంవత్సరముల ఫిజీ తిరుగుబాట్ల పిదప మనవారు అనేకులు ఈ దేశమునకు వచ్చిరి. భర్తకు రాత్రి షిఫ్టు, భార్యకు పగటి షిఫ్టు. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు, ఊరికి పంపు డబ్బు, ఇవియే వారి సంభాషణ. పిల్లలు వేరింటికి పోయి, అప్పు తీరి, ఉద్యోగము ముగిసిన నాడు బల్ల కిరువైపుల ఇద్దరే మిగులుదురు. మాటలాడుటకు విషయ ముండదు.

(ఆ) దాచిన నొప్పి. చెప్పకుండ అన్నదమ్ములకిచ్చిన సొమ్ము, శని ఆదివారములు యంగోనా తనోవా చుట్టు గడిచిన రాత్రులు, పోకీ యంత్రములలో పోయిన జీతము. నలమహారాజును దమయంతికి దూరము చేసినదియు జూదమే. పిల్లల కొరకై భార్య ఓర్చును. ఆమె ఊరకుండుటను భర్త సమ్మతి యని తలచును.

(ఇ) మిగిలిన ఆయువు. అరువదేండ్లకు ముసలితనమని తలచు రోజులు పోయినవి. ఇంకను ఇరువది యేండ్లకు పైగా బ్రతుకవలసియుండగా ఆ కాలమంతయు మౌనముగా గడుపుటకు మనసొప్పదు.

మూడింటిలోను మొదటిదే మూలము. విడిపోవు దినమున కొత్తగా తెగునది ఏదియు లేదు. అంతకు పూర్వమే అరిగిన దారము, బరువు తొలగిన పిదప బయటపడును.

4. ఉపనిషత్తు చెప్పు పాఠము

వయసు మీరిన పిదప ఎడబాటు మన గ్రంథములకు కొత్త కాదు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి గృహస్థాశ్రమమును విడువదలచి, ఆ సంగతి భార్యయైన మైత్రేయికి ముందుగా తెలిపి, ఆమెకును కాత్యాయనికిని ఆస్తి పంచి యిచ్చెదననెను. ధనముచే అమృతత్వము లభించునా యని మైత్రేయి ప్రశ్నించెను. ఆయన విసుగుకొనక ఆమెను కూర్చుండబెట్టి తన జ్ఞానమంతయు బోధించెను. విడిపోవు వేళ కూడ ఆయన దాచినది లేదు, ఆమె అడుగక మానినది లేదు. కలిసియుండియే మాటలాడని మన ఇండ్లకు ఇది సిగ్గు కలిగింపవలెను.

5. మన కర్తవ్యము

నలువదవ యేటనే మొదలిడి ప్రతిదినము కొంతసేపు డబ్బు, పిల్లలు కాని విషయమును ఇద్దరును మాటలాడవలెను. లెక్కలు ఇద్దరికిని తెలియవలెను. ఉద్యోగ విరమణకు ముందే ఎచట నివసింపవలెను, ఎవరి యిష్టములేవి అను విషయము చర్చింపవలెను.

కొట్టుట, బెదరించుట, డబ్బును రాకపోకలను అదుపుచేయుట జరుగు ఇంటిలో "ఓర్చుకో అమ్మా" యనుట పాపము. క్వీన్స్‌లాండ్‌లో 2025 మే 26 నుండి అట్టి నిర్బంధ పెత్తనము నేరము. 1800 737 732 అను నంబరునకు రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును; ప్రాణభయ మున్నచో 000.

విడిపోయినవారిని దేవాలయము విడువరాదు. ఆమెకు తాంబూల మీయవలెను. ఆయనను పంక్తిలోనికి పిలువవలెను. తప్పెవరిదని విచారించుట కొరకు మనము గుడికి పోవుట లేదు.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ యింట నిన్న జరిగిన సంభాషణలో ఖర్చులు, పనులు కాక మరేమి కలదు?
2. ఓర్పునకును, అన్యాయమును సహించుటకును భేదమేమి?
3. మైత్రేయి ఆస్తిని తీసికొని ఊరకున్నచో ఆమెయు, ఆయనయు ఏమి కోల్పోయెడివారు?