జాజ్‌మాస్టర్ కొనబోయే అల్లుడికి

నరసరావుపేట

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. హైదరాబాద్ షాపులో గోడకు వేలాడుతున్న ఆ గిటారు మీద నీ మనసు ఎంతగా పడిందో ఫోటోలు తీసిన తీరులోనే తెలుస్తోంది. రంగు బాగుంది. రంగు సంగతి ఇంతటితో వదిలేద్దాం.

రీఇష్యూలో లోపాలున్నాయని ఒకరు, అవి లోపాలే కాదని ఇంకొకరు అంటున్నారు, ఎవరి మాట నమ్మాలని అడిగావు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కంపెనీ తన పాత మోడల్‌ని, ఒకప్పుడు ఎలా ఉండేదో అలాగే మళ్లీ చేసి అమ్మితే అది రీఇష్యూ. అప్పటి గొప్పతనంతో పాటు అప్పటి చాదస్తం కూడా వస్తుంది. కాబట్టి షాపులో నువ్వు తేల్చుకోవాల్సింది ఒక్కటే. కనబడిన ఇబ్బంది ఆ మోడల్‌కి పుట్టుకతో వచ్చిందా, లేక ఈ ఒక్క గిటారు చేసినవాడి చేతిలో వచ్చిందా? మొదటిదైతే సర్దుకోవచ్చు. రెండోదైతే గిటారు అక్కడే పెట్టేసి బస్సెక్కు.

జాజ్‌మాస్టర్‌ని ఫెండర్ కంపెనీ 1958లో తెచ్చింది. జాజ్ వాయించే పెద్దలు కొంటారని ఆశపడింది. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, కాలిఫోర్నియా తీరంలో సర్ఫ్ సంగీతం వాయించే కుర్రాళ్లు ఎత్తుకున్నారు. ఆ మోజూ తగ్గి, 1980లో తయారీ ఆగిపోయింది. పాతవి చౌకగా దొరుకుతుండటంతో జేబులో డబ్బుల్లేని బ్యాండ్లు వాటిని కొన్నాయి. అంతకు ముందే ఎల్విస్ కాస్టెల్లో 1977లో తన మొదటి ఆల్బం అట్ట మీద పట్టుకుని నిలబడింది దీన్నే. తర్వాత సోనిక్ యూత్ లాంటి వాళ్లకు పేరొచ్చింది, వాళ్లతో పాటు గిటారుకీ గిరాకీ వచ్చింది. 80లలో జపాన్‌లో, 1999లో అమెరికాలో పాత పద్ధతిలో మళ్లీ చేశారు. ఇప్పుడు స్క్వయర్ పేరుతో తక్కువ ధరకూ వస్తోంది.

ముందు బ్రిడ్జి చూడు. ఈ మోడల్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దాని గురించే. వేలితో తోస్తే అటూ ఇటూ ఊగుతుంది. వదులైపోయిందని కంగారుపడకు. దాని కాళ్లు రెండూ చిన్న గిన్నెల్లో మొనల మీద నిలబడి ఉంటాయి. ట్రెమొలో కడ్డీ నొక్కినప్పుడు తీగలు బ్రిడ్జి మీద రాసుకోకుండా, బ్రిడ్జే వాటితో పాటు ఒరిగి మళ్లీ యథాస్థానానికి రావాలని లియో ఫెండర్ ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ తీగల చివర్లు కట్టే పలకని బ్రిడ్జికి బాగా దూరంగా పెట్టారు. బ్రిడ్జి దాటాక తీగ కిందికి వంగే కోణం చాలా తక్కువ, అందుకని బ్రిడ్జి మీద ఒత్తిడి పడదు. 1958లో ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. అప్పట్లో లావు తీగలు వేసేవాళ్లు, అన్నిటికన్నా సన్నదే 12 గేజి. ఆ బిగువుకి బ్రిడ్జి అణిగిమణిగి ఉండేది. ఇవాళ మీ వయసు వాళ్లంతా 9 గేజి వేస్తున్నారు. అప్పుడు తీగ జిరజిరలాడుతుంది, గట్టిగా మీటితే తాను ఆనుకునే శాడిల్ మీద ఒక గాడిలోంచి పక్క గాడిలోకి దూకుతుంది. ఆ శాడిళ్లు నిలువునా మర కోసిన కడ్డీలు, గాళ్లకు కొదవలేదు.

దీనికి మందు ఖరీదైనది కాదు. 11 గేజి సెట్టు వెయ్యి. నెక్ మడమ కింద పలచని చెక్క ముక్క దోపితే నెక్ కాస్త వెనక్కి వాలుతుంది, బ్రిడ్జిని ఎత్తుకోవచ్చు, కోణం పెరుగుతుంది. అయినా తీగ దూకుతుంటే ముస్టాంగ్ మోడల్ శాడిళ్లు దొరుకుతాయి, వాటికి తీగకి ఒకే గాడి. శాడిల్ ఎత్తు మార్చే బుల్లి స్క్రూలు అదురుకి వదులవుతాయి, వాటి మీద నెయిల్ పాలిష్ చుక్క వేస్తే చాలు. మీ అమ్మని అడగకుండా తీసుకోకు. ఆ స్క్రూలు అమెరికా సరుకుకి అంగుళాల కొలతలో, ఆసియాలో చేసినవాటికి మిల్లీమీటర్లలో ఉంటాయి. ఒకదాని అలెన్ కీ రెండోదానిలో తిప్పావా, తల అరిగిపోతుంది.

ట్రెమొలో పలక మీద జరిపే మీట ఒకటి ఉంటుంది. అది తాళం. సరిగ్గా సర్ది పెడితే, స్టేజీ మీద తీగ తెగినా తాళం వేసుకుని మిగతా తీగలతో పాట పూర్తి చేయొచ్చు. పైకొమ్ము దగ్గరున్న స్విచ్ గురించి కూడా చెప్పాలి. అది పైకి ఉంటే నెక్ పికప్ ఒక్కటే పలుకుతుంది, కింది నాబులు పని చేయవు. గిటారు చచ్చిపోయిందని షాపువాడితో గొడవపెట్టుకునే ముందు ఆ స్విచ్ చూడు.

నువ్వు కీర్తనలు కూడా వాయిస్తావు కాబట్టి నెక్ సంగతి ముఖ్యం. ఫ్రెట్ల పలక అడ్డంగా కొంచెం వంపుగా ఉంటుంది. పాత కొలత 7.25 అంగుళాల వ్యాసార్థం, అంటే వంపు ఎక్కువ. కార్డులు పట్టడానికి హాయి. గమకం కోసం 14వ ఫ్రెట్ దగ్గర తీగని బాగా లాగితే మాత్రం పై ఫ్రెట్లకి తగిలి స్వరం ఆగిపోతుంది. ఇప్పటి రీఇష్యూల్లో కొన్నింటికి 9.5 ఇస్తున్నారు, నీకు అదే మేలు. పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు వాయించాలనేవాళ్ల మాట వినకు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌నే చూడు, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద నాలుగు జతల తీగలకు బదులు ఐదు విడి తీగలు వేసుకుని కర్ణాటక సంగీతం పలికించారు.

మన ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకో. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లోకి ఎందుకెక్కుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. పొడి వేడికి చెక్క కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. అందుకే ఫ్రెట్ల చివర్లు పలక అంచు దాటి పొడుచుకొచ్చి చేతికి గీరుకుంటాయి. షాపు ఏసీలో ఇది అంతగా కనబడదు. అక్కడే అంచు వెంట వేలు నడిపిస్తే గరగరలాడిందంటే మేలో ఇంకెలా ఉంటుందో ఊహించుకో. నెక్ లోపలి ఇనుప కడ్డీని మనం కాలం మారినప్పుడల్లా కాస్త తిప్పాల్సి వస్తుంది. అచ్చంగా పాతకాలపు నమూనాలో దాని మర నెక్ మడమ వైపు ఉంటుంది, నెక్ విప్పితే గానీ అందదు. తల వైపు మర ఉన్నది చూసుకో. నైట్రో పాలిష్ ఉన్నదైతే రబ్బరు స్టాండు మీద పెట్టకు, మరకలు పడతాయి.

ఇక హమ్, అంటే గుంయ్‌మనే రొద. ఇవి సింగిల్ కాయిల్ పికప్‌లు, చుట్టూ ఉన్న కరెంటునంతా వింటాయి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభ మీద వాయించాలని నీ కోరిక కదా? వేల బల్బులు, జనరేటర్లు, వాటి మధ్య ఈ గిటారు. పికప్‌లు మార్చే స్విచ్‌ని మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపి వాయించు. ఒకదాని చుట్టు రెండోదానికి వ్యతిరేకంగా ఉంటుంది, హమ్ చాలావరకు కొట్టుకుపోతుంది. షాపులోనే పరీక్షించు. స్విచ్ అక్కడ పెట్టినా హమ్ తగ్గకపోతే వైరింగ్ తప్పు. తీగల మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గాలి. పెరిగితే, అదీ వైరింగ్ తప్పే. జనరేటర్ మీద నడిచే స్టేజీల్లో ఎర్తింగ్ ఉందో లేదో కనుక్కోకుండా, టెస్టర్ పెట్టి చూడకుండా మైకు దగ్గరికి మూతి తీసుకెళ్లకు. ఇది గిటారు నాణ్యత విషయం కాదు, ప్రాణం విషయం.

పనితనం లోపాలు తేల్చడం దీనికన్నా తేలిక. ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటు, మూగబోయిన చోటు ఉందేమో విను. రెండు అంచు తీగలూ నెక్ అంచులకి సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడు. ఒక పక్కకి జారి ఉంటే మరలు వదులు చేసి నెక్ జరిపి చూడమను. అప్పటికీ కుదరకపోతే రంధ్రాలు తప్పుగా పడ్డట్టే, అది తేలిగ్గా బాగయ్యేది కాదు. జాక్‌లో వైరు కదిపితే కరకరమంటే అడుగు, అప్పటికప్పుడు బిగించి ఇస్తారు.

తీగలు మార్చే ముందు నాకు ఫోన్ చెయ్యి. పాతకాలపు ట్యూనింగ్ కీలకి కడ్డీ నడుమ నిలువు రంధ్రం ఉంటుంది. తీగని ముందే కత్తిరించి కొస అందులో దించి చుట్టాలి. పొట్టిగా కత్తిరించావంటే ఆ తీగ వృథా. కొన్నాక గిటారు తీసుకుని పేటకి రా. నెక్ కింద దోపాల్సిన చెక్క ముక్క నేను కోసి ఉంచుతాను, 11 గేజి సెట్టు మాత్రం నువ్వే తెచ్చుకో.

మీ మామయ్య