ఇంటి కుళాయి మరమ్మతు

నూతినీటితో జీవించిన పల్లెలలో నేడు పెక్కిండ్లకు కుళాయి వచ్చినది. 2019వ సంవత్సరమున ఆరంభమైన జలజీవన్ మిషన్ ప్రకారము ఒక్కొక్క గ్రామవాసికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెను. కుళాయి చెడినచో బాగుచేయువాడు మాత్రము పట్టణమునుండి రావలసియున్నాడు. తన పనిముట్లను తానే సరిచేసికొను రైతునకు ఈ చిన్న మరమ్మతు అసాధ్యము కాదని మా యభిప్రాయము.

కారుటవలని కీడు: బొట్టే కదా యని యుపేక్షింపరాదు. కారుచున్న తొట్టి కుళాయి క్రింద లీటరు చెంబు నుంచి చూడుడు. అది పది నిమిషములలో నిండినచో దినమునకు 144 లీటర్లు వ్యర్థమగుచున్నట్లే. ఇది యిద్దరి వంతుకంటె నెక్కువ. నేలలోని గొట్టము బీటలిచ్చినచో కీడు మరింత పెద్దది. నీరు వచ్చువేళ ఆ బీటనుండి వెలికి కారును. సరఫరా ఆగినవేళ చుట్టునున్న మురుగు దానిగుండనే లోనికి చేరును. టైఫాయిడు, విరేచనములు, కామెర్లు ఇట్లు వ్యాపింపగలవు.

వాషరు మార్చుట: ముందుగా గేటు వాల్వు కట్టివేసి, కుళాయి విప్పి మిగిలిన నీటిని పోనిండు. కుళాయి తలకు గుడ్డ చుట్టి, పానాతో ఎడమవైపునకు త్రిప్పి యూడదీయుడు. లోని కాడ చివర అరిగిన వాషరు కానవచ్చును. దానిని అంగడికి గొనిపోయి, అదే కొలతది తెచ్చి యమర్చుడు. వాషరు ఆనుచోట ఇసుక యున్న తుడువుడు. ఆ చోటే అరిగినచో క్రొత్త వాషరును నిలువదు, కుళాయినే మార్చవలెను. పావుచుట్టుతో మూయబడు నూతన కుళాయిలలో వాషరునకు బదులు పింగాణి బిళ్లలుండును. అందు లోని భాగమంతయు మార్చవలసియుండును.

మరల అతుకు: టెఫ్లాను టేపును మర బిగియు దిక్కుననే ఐదారు చుట్లు చుట్టి బిగింపుడు. పూర్వము జనుపనారకు సఫేదా పూసెడివారు. సీసముగల సఫేదా విషము. త్రాగునీటి గొట్టములకు కూడదు.

గొట్టపు అతుకు: పి.వి.సి. గొట్టమును రంపముతో తిన్నగా కోసి, అంచు గరుకు కాగితముతో రుద్ది, తడి లేకుండ తుడిచి, రెండు ముఖములకును జిగురు పూసి లోపలికంట నొక్కిపట్టుడు. డబ్బాపై వ్రాసిన కాలము గడచువరకు నీరు విడువరాదు. వేడినీటికి సామాన్య పి.వి.సి. పనికిరాదు, మెత్తబడును, సి.పి.వి.సి. గొట్టమును, దానికి తగిన జిగురును వాడవలెను.

చేయరాని పనులు: విద్యుత్ గీజరు లోపలి భాగముల జోలికి పోరాదు. దాని రక్షక వాల్వు కారుచున్నదని ఎన్నడును బిరడా కొట్టరాదు. లోని యొత్తిడి పోవు దారి లేక తొట్టి ప్రేలవచ్చును. దానిని పనివానికే యప్పగింపుడు. వీధి గొట్టము పగిలినచో పంచాయతీకి తెలుపుడు. వీధి గొట్టపు నీటిని మోటారుతో లాగుట పొరుగువాని వంతు హరించుటయే కాక, బీటలగుండ మురుగును లోనికి పిలుచుట యగును.

పానాలు రెండు, రంపమొకటి, టేపు, కొన్ని వాషర్లు: ఇంతే కావలసిన సామగ్రి. ప్రతి యింటను కొననక్కరలేదు. సంఘపు గిడ్డంగిలో ఒక పెట్టె యుంచి, వాడినవారు మరల నప్పగించు నియమ మేర్పరచుకొన్నచో ఊరంతటికిని చాలును. తదుపరి సమావేశమున సభ్యులు దీనిని ఆలోచింతురు గాక.