పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్: స్పెక్స్ బాగున్నాయి, మరి లెక్కలు?

కొత్త ఫోన్ లాంచ్ అయితే మనం పోస్టర్ మీద రాసిన 'సూపర్ ఫాస్ట్' అనే మాటతో ఆగిపోం. బ్యాటరీ ఎంత, చార్జర్ ఎన్ని వాట్లు, నిజంగా ఫుల్ అవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది అని చూస్తాం. వాతావరణ మార్పును ఆపడానికి వస్తున్న భారీ ఇంజనీరింగ్ ప్రాజెక్టులను కూడా అలాగే చూడాలన్నది నా అభిప్రాయం. నేను ఉండేది అనకాపల్లిలో. అలాంటి పెద్ద ప్రాజెక్టు ఒకటి మా జిల్లాలోనే ఉంది కాబట్టి, ఈసారి ఫోన్‌ని పక్కన పెట్టి దాని మీద ఓ లుక్కేద్దాం. కాలిక్యులేటర్ యాప్ ఓపెన్ చేసి పెట్టుకోండి.

స్పెక్స్ ఇవీ

ప్రాజెక్టు: ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ వారి గ్రీన్ హైడ్రోజన్ హబ్
ప్లేస్: పూడిమడక, అచ్యుతాపురం మండలం, అనకాపల్లి జిల్లా
శంకుస్థాపన: 2025 జనవరి 8, విశాఖ సభ నుంచి ప్రధాని మోదీ చేతుల మీదుగా
పెట్టుబడి అంచనా: సుమారు రూ.1.85 లక్షల కోట్లు
స్థలం: సుమారు 1,200 ఎకరాలు
టార్గెట్: రోజుకు 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్, దాంతోపాటు 7,500 టన్నుల గ్రీన్ మిథనాల్, గ్రీన్ యూరియా, విమాన ఇంధనం లాంటివి
పవర్: 20 గిగావాట్ల సోలార్, విండ్ లాంటి పునరుత్పాదక విద్యుత్

స్కేల్ అర్థం కావాలంటే ఒక పోలిక చాలు. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ గ్రీన్ హైడ్రోజన్ ప్లాంట్ సామర్థ్యం ఏడాదికి 370 టన్నులు. అంటే రోజుకు ఒక టన్ను. ఇక్కడ రోజుకు 1,500! ఇంకో విశేషం, ఇదే పూడిమడకలో ఒకప్పుడు 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలనుకున్నారు.

అసలు ఎలా పనిచేస్తుంది?

నీళ్లలోకి కరెంట్ పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. స్కూల్ ల్యాబ్‌లో చూసే ప్రయోగమే. దాన్నే ఫ్యాక్టరీ సైజులో చేసే మెషీన్ పేరు ఎలక్ట్రోలైజర్. 9 కిలోల నీటి నుంచి 1 కిలో హైడ్రోజన్, 8 కిలోల ఆక్సిజన్ వస్తాయి.

ఇప్పుడు పరిశ్రమలు వాడుతున్న హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజ వాయువు నుంచి తీసింది. అలా ఒక కిలో తీస్తే దాదాపు 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. కరెంట్‌తో తీస్తే పొగ ఉండదు. కానీ ఆ కరెంట్ ఎక్కడిది? అసలు ప్రశ్న ఇదే.

లెక్క 1: కరెంట్

ఒక కిలో హైడ్రోజన్‌కి ఇప్పటి ఎలక్ట్రోలైజర్లు 50 నుంచి 55 యూనిట్లు తీసుకుంటాయి. 52 అనుకుందాం. 1,500 టన్నులంటే 15 లక్షల కిలోలు. 52తో గుణిస్తే రోజుకు 7.8 కోట్ల యూనిట్లు.

ఇదే జిల్లాలో పరవాడ దగ్గర ఎన్‌టీపీసీ సింహాద్రి ఉంది కదా, 2,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం. అది 24 గంటలూ ఫుల్ లోడ్ మీద నడిచినా వచ్చేది 4.8 కోట్ల యూనిట్లే. అంటే ఒకటిన్నర సింహాద్రులకు పైగా కరెంట్ ఒక్క హైడ్రోజన్‌కే కావాలి!

20 గిగావాట్లు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. సోలార్‌కి రాత్రి ఉండదు, మబ్బు ఉంటుంది. ఒక గిగావాట్ సోలార్ రోజుకు సగటున 60 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే, 20 గిగావాట్లకి 12 కోట్ల యూనిట్లు. హైడ్రోజన్‌కి పోను మిగిలింది మిథనాల్, యూరియా తయారీకి, నష్టాలకి సరిపోతుంది. స్పెక్స్ షీట్ ఇక్కడ పాస్.

కానీ ఒకటి గమనించండి. అంతా సోలారే అనుకుంటే, మెగావాట్‌కి 4 ఎకరాల చొప్పున 80 వేల ఎకరాలు కావాలి. పూడిమడకలో ఉన్నది 1,200 ఎకరాలు. కాబట్టి ప్యానెళ్లు ఇక్కడ ఉండవు, కరెంట్ దూరం నుంచి లైన్ల మీద రావాలి. మన కళ్లకు కనిపించేది ఫ్యాక్టరీ, కథ అంతా ఆ లైన్ల అవతల ఉంటుంది.

లెక్క 2: నీళ్లు

15 లక్షల కిలోలకు కనీసం 1.35 కోట్ల లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి చాలా కరెంట్ అవుతుందని మనవాళ్లు అంటుంటారు. వెయ్యి లీటర్లకు 4 యూనిట్లు అనుకుంటే మొత్తం 54 వేల యూనిట్లు. 7.8 కోట్ల ముందు ఇది వెయ్యిలో ఒక వంతు కూడా కాదు.

మరి సమస్య ఎక్కడ? మిగిలిపోయే చిక్కటి ఉప్పునీటి దగ్గర. లీటరు మంచినీటికి దాదాపు లీటరున్నర ఉప్పునీరు మిగులుతుంది. అంటే రోజుకు 2 కోట్ల లీటర్లు. పూడిమడక పెద్ద మత్స్యకార గ్రామం. ఆ నీటిని ఎంత దూరంలో, ఎంత లోతులో, ఎంత పలచన చేసి వదులుతారన్నది అక్కడి వేటకు సంబంధించిన విషయం. టెక్నాలజీకి ఇది చిన్న లైన్, ఊరికి పెద్ద లైన్.

లెక్క 3: దీన్ని బ్యాటరీలా వాడొచ్చా?

ఒక కిలో హైడ్రోజన్‌లో 33 యూనిట్ల శక్తి ఉంటుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలు దాదాపు 1,700 ఫుల్ చార్జ్ చేసినంత. వినడానికి భలే ఉంటుంది. కానీ 52 పెడితే 33 వచ్చాయి. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో తిరిగి కరెంట్‌గా మారిస్తే చేతికి వచ్చేది 17 లేదా 18. మూడింట ఒక వంతు! అదే 52 యూనిట్లు లిథియం బ్యాటరీలో దాస్తే 45 దాకా వెనక్కి వస్తాయి.

సింహాద్రిలో ఇలాంటి ప్రయోగాన్నే 2021 డిసెంబర్‌లో ఎన్‌టీపీసీ ప్రకటించింది. రిజర్వాయర్ మీద తేలే 25 మెగావాట్ల సోలార్ నుంచి పగలు కరెంట్ తీసుకుని, 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్‌తో హైడ్రోజన్ చేసి, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ నడపడం. గ్రిడ్ లైన్ అందని చోట్లకు ఇలాంటిది పనికొస్తుంది. లైన్ ఉన్న చోట బ్యాటరీయే బెటర్.

లెక్క 4: అసలైన టెస్ట్

ఇప్పుడు గుండె లాంటి లెక్క. బొగ్గు కరెంట్ ఒక యూనిట్‌కి సుమారు 0.95 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మన దగ్గర 52 యూనిట్ల సోలార్ కరెంట్ ఉంది. రెండు దారులు.

ఒకటి: హైడ్రోజన్ చేసి, సహజ వాయువు నుంచి తీసే హైడ్రోజన్ బదులు వాడితే 10 కిలోల కార్బన్ ఆదా.

రెండు: అదే కరెంట్ నేరుగా గ్రిడ్‌కి ఇచ్చి, అంత మేరకు బొగ్గు కాల్చడం తగ్గిస్తే 49 కిలోలు ఆదా.

దాదాపు ఐదు రెట్లు తేడా! ఇంకా ఘోరం ఏంటంటే, పొరపాటున బొగ్గు కరెంట్‌తోనే ఎలక్ట్రోలైజర్ నడిపితే ఒక కిలో హైడ్రోజన్‌కి 49 కిలోల కార్బన్ పోతుంది. పాత పద్ధతే నయం అనిపిస్తుంది. అందుకే కేంద్రం 2023 ఆగస్టులో పెట్టిన ప్రమాణం ముఖ్యం. కిలోకి 2 కిలోల కార్బన్ దాటకపోతేనే దాన్ని 'గ్రీన్' అనాలి.

అయితే హబ్ వేస్టా? కాదు. ఎరువులు తయారు చేయాలంటే అమోనియా కావాలి, అమోనియాకి హైడ్రోజన్ కావాలి. అక్కడ కరెంట్ తీగ తగిలిస్తే పని జరగదు. ఉక్కు కొలిమిలో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్ లాగేయడానికి బొగ్గు బదులు హైడ్రోజన్ వాడొచ్చు. సముద్రం మీద వారాల తరబడి తిరిగే ఓడకి బ్యాటరీ సరిపోదు, మిథనాల్ సరిపోతుంది. ఇలాంటి చోట్ల హైడ్రోజన్‌కి ప్రత్యామ్నాయం దాదాపు లేదు. ఆ రోజు కోసం ఎలక్ట్రోలైజర్లు ఇప్పటి నుంచే చవక కావాలి. సోలార్ ప్యానెళ్లు కూడా ఎక్కువగా తయారయ్యే కొద్దీనే చవకయ్యాయి.

నా వర్డిక్ట్

ప్లస్: స్కేల్, ఓడరేవులు దగ్గర, ఎరువులు, ఉక్కు లాంటి కష్టమైన రంగాలకు దారి.
మైనస్: విపరీతమైన కరెంట్ అవసరం, సముద్రంలోకి ఉప్పునీరు, బొగ్గును నేరుగా తగ్గించడం కంటే తక్కువ ఆదా.

కాబట్టి నేను ఈ ప్రాజెక్టుకి 'అవును' అంటాను, ఒక షరతుతో. ఇది సింహాద్రి లాంటి కేంద్రాల్లో బొగ్గు తగ్గించే పనికి అదనంగా రావాలి, దాని బదులుగా రాకూడదు. 20 గిగావాట్లు నిజంగా కొత్తవి అయితేనే ఆ షరతు నెరవేరినట్టు.

రేపు ఇంకో క్లైమేట్ టెక్నాలజీ వార్త మీ ఫీడ్‌లోకి వస్తే, అది గాల్లో కార్బన్ పీల్చే మెషీన్ అయినా సరే, మూడు ప్రశ్నలు వేయండి. కరెంట్ ఎక్కడిది? అదే కరెంట్‌తో ఇంకా ఎక్కువ కార్బన్ ఆపొచ్చా? మిగిలే వ్యర్థం ఎవరి గుమ్మం ముందు పడుతుంది? ఈ మూడింటికీ జవాబు ఉన్న ప్రాజెక్టుని నమ్మండి. లేనిదాన్ని స్పెక్స్ లేని ఫోన్ లాగే చూడండి.