చంద్రుని మీద గాలి ఉందా?

పోయిన ఆదివారం పూజ ముగిసి గుడి ముందు నిలబడి ఉండగా, మన విచారణలోని ఒక తండ్రి ఏడో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో సైన్సు పరీక్ష పేపరు. "ఫాదర్, మీరు పెద్ద చదువులు చదివిండ్రు. జర చూసి చెప్పుండ్రి, మావోడు రాసింది తప్పేనా?" అన్నాడు. చంద్రునిపై వాతావరణం ఉన్నదా అన్న ప్రశ్నకు పిల్లవాడు "ఉన్నది, కానీ చాలా తక్కువ" అని రాశాడు. పక్కన ఎర్ర సిరాతో సున్నా.

నేను చదివింది తత్వశాస్త్రం, సైన్సు కాదు. అయినా సెమినరీలో మా తర్కశాస్త్ర గురువులు "కొంచెమే ఉంది" అనవలసిన చోట "లేదు" అంటే ఊరుకునేవారు కారు. అందుకే ఈ వారం ఆ పిల్లవాడి పక్షాన నాలుగు మాటలు.

ప్రియ పాఠకులారా, 2008 అక్టోబరు 22న అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి చంద్రయాన్-1 బయలుదేరింది. నవంబరు 14న దాని నుండి సుమారు 35 కిలోల చిన్న పెట్టె విడిపోయి, 100 కిలోమీటర్ల ఎత్తు నుండి దాదాపు 25 నిమిషాలు దిగి, చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గర నేలను గుద్దుకుంది. గుద్దుకోవడానికే పంపారు. దాని పక్కలకు వేసిన మువ్వన్నెల జెండా గురించి అందరూ చెప్పుకున్నారు. లోపలి 'చేస్' అనే పరికరం సంగతి చాలామందికి తెలియదు. వాయుకణాలను బరువును బట్టి వేరుచేసి లెక్కించడం దాని పని. దిగుతున్నంతసేపూ ఆ లెక్కలు పైనున్న నౌకకు చేరాయి. తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వారు దానిని తయారుచేశారు. 1960లలో తుంబాలో ఆ కేంద్రానికి పునాది పడింది పునీత మగ్దలా మరియమ్మ గుడిలోనే!

మరి అక్కడి గాలి ఎంత? మన గాలిలో ఒక ఘన సెంటీమీటరులో 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని కణాలుంటాయి. అక్కడ లక్షల్లోనే. మన గాలి కణాలు అంగడి రోజు జనంలాగా ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. అక్కడి కణం నల్లమలలో ఒంటరిగా నడిచేవాడిలాంటిది, ఎవరూ ఎదురుపడరు.

ఆ కణాల్లో ఆర్గాన్ ఒకటి. రాళ్లలోని ఒక రకం పొటాషియం కోట్ల ఏళ్లలో క్షయిస్తూ కొంత ఆర్గాన్‌గా మారుతుంది. అది పగుళ్లలోంచి బయటపడుతుంది. చంద్రునిపై రాత్రి మన లెక్కన రెండు వారాలు. ఆ చలికి ఆర్గాన్ నేలకు అంటుకుపోయి, పొద్దు పొడవగానే మళ్లీ లేస్తుంది. 1972లో అపోలో-17 వారు ఉంచి వచ్చిన పరికరం దీనిని చంద్రుని నడుమ భాగంలో గమనించింది. 2019 జూలై 22న వెళ్లిన చంద్రయాన్-2లోని 'చేస్-2' మధ్య అక్షాంశ ప్రాంతాల్లోనూ ఆర్గాన్‌ను కనుగొన్నదని 2022లో ఇస్రో ప్రకటించింది. మన గాలిలో నూటికి ఒక పాలు ఉండే ఆర్గాన్ కూడా ఇలా రాళ్లలో పుట్టిందే. మన అచ్చంపేట గ్రానైటు బండల్లోనూ పొటాషియం ఉంది.

ఈ తేదీలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, సారుకు చూపించమని పిల్లవాడికిచ్చాను. సారును నిందించవద్దని తండ్రికి చెప్పాను. నా చిన్ననాటి పుస్తకంలోనూ "లేదు" అనే ఉండేది. మార్కు సంగతి ఇంకా తెలియలేదు. పిల్లవాడు వెళ్తూ వెళ్తూ గుడి పక్క బండ మీద అరచెయ్యి పెట్టి, "దీంట్లకెళ్లి గూడ వస్తదా ఫాదర్?" అన్నాడు. వస్తుందన్నాను.