ముసురు దినములలో నరముల పోటు

అక్టోబరు వచ్చి, బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదని రేడియో చెప్పకమునుపే, కోట ప్రాంతపు తీరగ్రామములలో కొందరు పెద్దలు "కాళ్ళు గుంజుచున్నవి, ముసురు పట్టును" అని చెప్పుదురు. దీనిని వట్టి భ్రమయని మేము త్రోసిపుచ్చము. బ్రిటనులో దీర్ఘకాలపు నొప్పులుగల 2,658 మంది అనుదినము తెలిపిన వివరములను పరిశీలించి, మాంచెస్టరు విశ్వవిద్యాలయమువారు 2019లో ఫలితములు ప్రకటించిరి. గాలిలో తేమ హెచ్చి, వాయుపీడనము తగ్గిన దినములలో బాధ కొంత హెచ్చినది. ఆ హెచ్చు స్వల్పమే. వారిలో అధికులు కీళ్ళనొప్పులవారని గూడ గమనింపవలెను.

అదియునుగాక, మన ప్రాంతమున వానతోపాటే వరినాట్లు వచ్చును. దినమెల్ల నడుము వంచి బురదలో నిలిచినవారికి పిరుదునుండి పిక్కవరకు నరము లాగినచో, నేరము మబ్బుదో వంగుటదో యెట్లు తెలియును? ఒక నెల దినములు నొప్పి, వాన, చేసిన పని, నిద్ర, ఈ నాలుగింటిని కాగితముపై వ్రాసియుంచి వైద్యునికి చూపుడు.

అరికాలిమంట విషయమై మరింత జాగ్రత్త వలయును. దానికి తరచు మధుమేహము కారణము. రక్తపరీక్ష చేయించుకొననిదే ఋతువును నిందింపరాదు. ముసురులో ఉప్పుమూట వేడిచేసి కాపడము పెట్టుట మన యిండ్ల యలవాటు. మండుచున్న పాదమే మొద్దుబారియుండవచ్చును. అప్పుడు వేడి తెలియక చర్మము కాలి పుండు పడును. అది మానక వ్రేళ్ళు తీసివేయవలసిన స్థితియు రావచ్చును. అట్టి పాదమునకు కాపడము వలదు. పొడిగుడ్డ వదులుగా కప్పి వెచ్చగా నుంచిన చాలును.

కాలు పట్టుతప్పినను, మూత్రము బిగిసినను, తొడల నడుమ స్పర్శ పోయినను, వాన వెలియువరకు ఆగక ఆనాడే ఆసుపత్రికి చేరవలెను.